క్రిస్మసు చేతి పనులు: పొత్తిగుడ్డ, నక్షత్రము, మూట
(స్త్రీల సమాజ కూటములకును, ఆదివారపు బడి ఉపాధ్యాయులకును పాఠము)

చదువవలసిన భాగములు: నిర్గమ 35:25–35, 36:2–7, 1 సమూయేలు 2:18–20, మత్తయి 2:9–11, లూకా 2:6–12, అపొ. కార్య. 9:36–39, యాకోబు 5:4.



గొల్లలకు దూత చెప్పిన ఆనవాలును మనము ఎన్నో మారులు చదివియున్నాము గాని నిదానించి చూచినది తక్కువ. ఆకాశమంతయు వెలుగుతో నిండిన ఆ రాత్రి వారు వెదకవలసిన గురుతు ఏమి? గుడ్డలలో చుట్టబడి, పశువుల తొట్టిలో పండుకొనియున్న ఒక శిశువు. తొట్టిని గూర్చి ప్రసంగములు చాల వింటిమి. గుడ్డలను గూర్చి వినలేదు.

మన తెలుగు బైబిలు తర్జుమా చేసినవారు ఇచ్చట పొత్తిగుడ్డలు అను మాట వాడిరి. ఇంతకంటె తగిన మాట దొరకదు. పొత్తిగుడ్డ యనగా ఏమో ఏ అమ్మమ్మను అడిగినను చెప్పును. కొత్త బట్ట పసిబిడ్డ ఒంటికి పనికిరాదు. గంజి యుండును, గరుకు యుండును. ఏండ్ల తరబడి ఉదుకగా ఉదుకగా మెత్తబడిన నూలు చీరనో పంచెనో చింపి, వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, నెలలు నిండకముందే మడతపెట్టి పెట్టెలో దాచుదురు. యూదుల దేశములోను పుట్టిన బిడ్డను కడిగి, ఉప్పు రాసి, గుడ్డలతో చుట్టుట వాడుకగా నుండెను. యెహెజ్కేలు 16:4లో ఈ పనులలో ఒక్కటియు జరుగని దిక్కులేని బిడ్డ సంగతి చదువగలము. కాబట్టి గుడ్డలు చుట్టియుండుట బీదరికమునకు గురుతని చెప్పుట పొరపాటు. బీదరికము తొట్టిలో కనబడుచున్నది. గుడ్డలలో కనబడునది ఆ బిడ్డ కొరకు ఎదురుచూచినవారు ఉన్నారను సంగతి. ఆ గుడ్డలు చుట్టినది కూడ తల్లియేయని లూకా వ్రాసినాడు. మంత్రసాని మాట ఎత్తలేదు.

క్రిస్మసు కానుకలు చుట్టుటను గూర్చి పాఠమేమి, అది అంగడివారి పని గదా యని కొందరు అనుకొనవచ్చును. మొదటి క్రిస్మసులోనే చుట్టుట యున్నది, విప్పుటయు ఉన్నది. జ్ఞానులు శిశువు ఎదుట తమ పెట్టెలు విప్పిరి. ఆ పెట్టెలు చెక్కవో, లోహపువో, వాటిపై నగిషీ యుండెనో లేదో మత్తయి ఒక్క మాటయు చెప్పడు. లోపలి వస్తువుల పేర్లు మాత్రము మూడింటిని వరుసగా చెప్పినాడు. (జ్ఞానులు ముగ్గురని కూడ వ్రాయబడలేదు. కానుకలు మూడు గనుక మనమే ముగ్గురిని చేసి, అట్ట కిరీటములు పెట్టి, నాటకములో ముగ్గురు పిల్లలకు సర్దుకొంటిమి.)

చేతితో చేసిన కానుకకు లేఖనములలో నాకు మిక్కిలి ఇష్టమైన ఉదాహరణము హన్నా కుట్టిన చిన్న అంగీ. బాలుడైన సమూయేలు షిలోహులో ఏలీ యొద్ద పెరుగుచుండెను. తల్లి ఏడాదికొకమారు పెనిమిటితో కూడ బలి అర్పించుటకు వచ్చునప్పుడు ఒక అంగీ కుట్టి తెచ్చుచుండెను. కుట్టుపని తెలిసిన సోదరీమణులు ఒక్క సంగతి గమనింపవలెను. కొలత తీసుకొనుటకు బిడ్డ ఇంట లేడు. నిరుడు చూచినప్పుడు ఎంత ఎత్తుండెనో జ్ఞాపకము చేసికొని, ఈ ఏడాదిలో ఎంత పెరిగియుండునో ఊహించి, భుజము దగ్గర ఎంత వదలవలెనో, చేతి దగ్గర ఎంత మడవవలెనో తనలో తాను లెక్క వేసికొనవలెను. ఆ అంగీ కుట్టిన దినములన్నియు కొడుకును కన్నుల యెదుట నిలుపుకొనియే కుట్టియుండును. హాస్టలులో నున్న బిడ్డకు చొక్కా కుట్టించి పంపు తల్లులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అంగట కొన్న వస్తువును ఎవరికైనను ఇయ్యవచ్చును. హన్నా కుట్టిన అంగీ ఒక్క బిడ్డకే సరిపోవును.

ఇక గుడారపు పని. బెసలేలునకును, అహొలీయాబునకును చేతి నేర్పు మాత్రమే గాక, ఇతరులకు నేర్పు బుద్ధి కూడ దేవుడు ఇచ్చెనని నిర్గమ 35:34లో నున్నది. స్త్రీలు నూలు వడికిరి, మేకవెండ్రుకలు వడికిరి. తరువాత 36వ అధ్యాయములో ఒక వింత జరిగెను. జనులు తెచ్చుచున్న కానుకలు పనికి కావలసినదానికంటె మించిపోయినవని పనివారు వచ్చి మోషేతో చెప్పగా, ఇక తేవద్దని పాళెమంతట చాటించిరి. డిసెంబరు మాసములో ఈ భాగమును ప్రతి యింట చదువుట మంచిదని నా అభిప్రాయము. క్రిస్మసు ఖర్చులకు వడ్డీకి తెచ్చి, ఉగాది దాక తీర్చుచున్న కుటుంబములు మన సంఘములలో నున్నవి. ఆ అప్పు బట్టలకు, పిండివంటలకు మాత్రమే కాదు. ఎదుటివారు ఇచ్చినదానికి తగిన కానుక తిరిగి ఇయ్యలేకపోతిమను సిగ్గునకు కూడ.

నక్షత్రము

క్రిస్మసు చేతి పనులలో మనకు ముందుగా జ్ఞాపకము వచ్చునది నక్షత్రము. జర్మనీ దేశమందలి మొరేవియను సంఘమువారి పాఠశాలలలో 19వ శతాబ్దపు పూర్వభాగమున కాగితపు నక్షత్రములు చేయుట మొదలాయెను. అది భక్తి పాఠముగా గాక రేఖాగణిత పాఠముగా మొదలగుట విశేషము. ఆ సంఘమువారు 1732 మొదలుకొని వెస్టిండీసు దీవులకు, గ్రీన్లాండునకు, పిమ్మట ఇంకను దూర దేశములకు మిషనరీలను పంపిరి. మిషనరీల బిడ్డలు మాత్రము చదువు కొరకు స్వదేశపు పాఠశాలలలో ఉండిపోవుచుండిరి. ఆగమన కాలపు మొదటి ఆదివారమున ఆ పిల్లలందరు కూర్చుండి నక్షత్రము కట్టుట వాడుకయైనది. తలిదండ్రులు సముద్రమునకు ఆవల, పిల్లలు ఈవల, నడుమ చేతిలో జిగురును కాగితమును. హన్నా సంగతి తలక్రిందులైనట్లున్నది గదా! తరువాత 1897 ప్రాంతమున పీటర్ హెండ్రిక్ వెర్బేక్ అను నతడు విడదీసి మరల కూర్చుటకు వీలైన నక్షత్రమును తయారుచేసెను. దానికి నాలుగు పలకల కొనలు 17, మూడు పలకల కొనలు 8, వెరసి 25. ఇరువది యారవ చోటు వ్రేలాడదీయుటకు. హెర్న్‌హూట్ అను ఊరిలో నేటికిని వాటిని చేతితోనే చేయుచున్నారు.

మన తెలుగు పల్లెలలో క్రైస్తవుల యిండ్ల ముందు వ్రేలాడునది ఐదు కొనల వెదురు నక్షత్రము. ఫిలిప్పీను దీవులలో పరోల్ అని పిలుచు క్రిస్మసు దీపమును ఇదే విధముగా వెదురుతోను, పలుచని కాగితముతోను కట్టుదురు. మడత విప్పిన తోడనే సిద్ధమగు నక్షత్రములు అంగళ్లలో దొరకుచున్నందున ఈ పని తెలిసినవారు అరుదగుచున్నారు. కాబట్టి దీనిని కొంచెము వివరముగా వ్రాయుదును. ఉపాధ్యాయులు తాము ఒకటి కట్టి చూచుకొని పిమ్మట పిల్లలకు నేర్పవలెను.

వెదురు పచ్చిగా నుండగానే చీల్చవలెను. ఎండినది తిన్నగా చీలదు. అంచులను కత్తితో గీకి, గరుకు కాగితముతో రుద్దనిదే పిల్లల చేతికి ఇయ్యరాదు. పెన్సిలులో సగము మందము చాలును. రెండడుగులు, అనగా 24 అంగుళముల బద్దలు 10, అయిదు అంగుళముల పుల్లలు 5 కావలెను. ఒక్కొక్క పొడుగు బద్దపై రెండు కొనల నుండియు 9 అంగుళములకు ఇంచుక పైన గురుతు పెట్టుడి. నడుమ సుమారు 5½ అంగుళములు మిగులును. ఐదు బద్దలను నేలపై పరచి, చుక్కల ముగ్గులో గీత ఎత్తకుండ నక్షత్రము వేసినట్లు, ఒకదాని కొన నుండి మరియొకటి పోవునట్లు అమర్చుడి. ఒక బద్ద గురుతు మరియొక బద్ద గురుతు మీదనే పడవలెను. ఒకచోట పైనుండి, మరియొకచోట క్రిందినుండి పోనిచ్చిన యెడల కట్టకముందే సగము నిలిచియుండును. మొదట కొనలు ఐదు, తరువాత లోపలి కూడళ్లు ఐదు దారముతో బిగించుడి. పాత సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు మరియు మంచిది. ప్రక్కప్రక్క కొనల నడుమ దూరము అంతట 15 అంగుళములకు ఇంచుక తక్కువగా రావలెను. ఒక దారమును కొలతగా పెట్టుకొని ఐదు చోట్ల చూచిన యెడల వంకర తెలిసిపోవును.

ఇట్టివి రెండు కట్టి, ఒకదానిపై ఒకటి పెట్టి, కొనలు ఐదును జతలుగా కట్టివేయవలెను. అప్పుడు లోపలి కూడళ్ల నడుమ ఆ చిన్న పుల్లలను నిలువుగా దూర్చి కట్టగానే నక్షత్రము రెండు ప్రక్కల ఉబ్బి నిలుచును. పిల్లలు చప్పట్లు కొట్టునది ఈ సమయముననే. అంతవరకు వారికి ఇది బద్దల కుప్ప.

కాగితము గాలిపటములకు వాడు పలుచని రంగు కాగితమే. ముక్కలు లెక్కగా 22: ముందు ఐదు కొనలు, నడిమి పలక ఒకటి, వెనుక అట్లే ఆరు, ప్రక్కల సన్నని త్రికోణములు 10. ప్రతి ముక్కకు చుట్టును ముప్పాతిక అంగుళము ఎక్కువ వదలి కత్తిరించి, బద్దపై మడిచి అంటింపవలెను. ఒక పాలు మైదాను ఐదు పాళ్ల చన్నీళ్లలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై కలియబెట్టుచు ఉడికించిన బంక చాలును. ఆరునప్పుడు కాగితము దానంతట అదే బిగియును గనుక ముందుగా గట్టిగా లాగవలదు. వెనుక నడిమి పలకను మూడు ప్రక్కలు మాత్రము అంటించి, బల్బు పెట్టుటకు తలుపువలె వదలుడి. లోపల కొవ్వొత్తి ఎన్నటికిని పెట్టరాదు. పాతకాలపు తీగ బల్బులు కాగితమును మాడ్చును, చిన్న ఎల్.ఇ.డి. బల్బు వేడెక్కదు, కరెంటును తక్కువ తినును. తీగ అతుకులకు టేపు చుట్టి, మంచు తగులకుండ చూరు క్రింద వ్రేలాడదీయుడి.

మొరేవియనుల యొద్దనుండియే వచ్చిన మరియొక చిన్న వాడుక కలదు. 1747 డిసెంబరు 20న మారియన్‌బోర్న్ అను చోట యోహానెస్ ఫాన్ వాట్టెవిల్ అను బిషప్పు పిల్లల ఆరాధనలో ఒక్కొక్కరికి ఎఱ్ఱని పట్టీ చుట్టిన కొవ్వొత్తిని వెలిగించి యిచ్చెను. అంతే కానుక. ఇంగ్లాండులో 1968 మొదలుకొని ఆ కొవ్వొత్తిని నారింజపండులో గ్రుచ్చి యిచ్చు ఆరాధనలు వ్యాపించినవి. కమలాపండ్లు మనకును డిసెంబరులో దొరకును గనుక కొండంత ఖర్చు లేదు. పెద్దలు ప్రక్కనే నిలువవలెను. చిన్నపిల్లల వెండ్రుకలు, ఓణీల అంచులు మంట దగ్గరకు వంగును.

మూట, పొట్లము

కానుకలను రంగురంగుల అచ్చు కాగితములో చుట్టుట మనము తలంచునంత పాతది కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సహోదరుల అంగట 1917 క్రిస్మసునకు పలుచని టిష్యూ కాగితము అయిపోయెను. కవర్ల లోపల అంటించుటకు తెచ్చిన ఫ్రెంచి రంగు కాగితమును దానికి బదులుగా అమ్మగా, అదియును చెల్లిపోయెను. అంటుకొను సెల్లోఫేను టేపు 1930లో గాని అంగటికి రాలేదు. అంతకుముందు దారము, లక్క, మడత, ముడి.

మడతయు ముడియు మనకు రానివి కావు. కిరాణా కొట్టులో బెల్లమును చింతపండును కాగితములో వేసి, పైన వ్రేలాడు దారపు ఉండనుండి దారము సర్రున లాగి, అటు రెండు చుట్లు ఇటు రెండు చుట్లు త్రిప్పి, వ్రేలితో మెలిపెట్టి తెంపు సెట్టిగారి చేతిని చూచినవారు మనలో ఇంకను ఉన్నారు. ఆ పొట్లము ఇల్లు చేరువరకు విడదు, జిగురు లేదు. సమాజములో అట్టి పెద్దవారు ఎవరైన ఉన్నయెడల వారిని పిలిచి, బల్ల ముందు కూర్చుండబెట్టి పిల్లలకు నేర్పించుడి. బెసలేలుకు నేర్పు బుద్ధి ఇయ్యబడినదని చదువుకొంటిమి గదా.

గుడ్డ మూట ఇంతకంటె మేలు, ఏలయనగా చుట్టిన గుడ్డయు కానుకయే అగును. జపాను దేశస్థులు చదరపు గుడ్డతో వస్తువులు మూటకట్టుటను ఫురోషికి అందురు. సంచుల చెత్త తగ్గుటకై 2006లో ఆ దేశపు పర్యావరణ మంత్రి యురికో కొయికే ఆ వాడుకను మరల ప్రోత్సహించిరి. మనము జపాను వరకు పోనక్కరలేదు. చద్దిమూట కట్టిన చేతులే ఈ మూటను కట్టగలవు. కొలత మాత్రము జ్ఞాపకముంచుకొనుడి: గుడ్డ మూల నుండి మూలకు గల పొడవు వస్తువు పొడవునకు మూడింతలుండవలెను. 9 అంగుళముల బైబిలుకు మూల నుండి మూలకు 27 అంగుళములు, అనగా ప్రక్క 19 అంగుళముల చదరపు గుడ్డ. వస్తువును నడుమ ఐమూలగా పెట్టి, ఎదురెదురు రెండు మూలలు మడిచి, మిగిలిన రెండింటిని పైన ముడివేయవలెను. ముడి వేయునప్పుడు మొదట కుడి కొనను ఎడమ కొనపైన, రెండవమారు ఎడమ కొనను కుడి కొనపైన త్రిప్పిన యెడల ముడి చదునుగా కూర్చుండును, జారదు, విప్పునప్పుడు సులువుగా వచ్చును. పాత నూలు చీర అంచు చెడకుండ మిగిలియుండును. ఆ అంచు పైకి వచ్చునట్లు గుడ్డ కోసిన యెడల వేరు అలంకారము అక్కరలేదు. అమ్మమ్మ చీర ముక్కలో చుట్టిన కానుక మనుమరాలి చేతికి వచ్చినప్పుడు లోపలిదానికంటె పైగుడ్డనే దాచుకొనవచ్చును.

కాగితమే వాడదలచినవారు పాత క్యాలెండరు వెనుక ప్రక్కను, గోధుమరంగు కాగితమును వాడుడి. బెండకాయను అడ్డముగా కోసి రంగులో అద్ది కాగితముపై ఒత్తిన యెడల కొనలు గల చక్కని నక్షత్రపు ముద్ర పడును. తరచు ఐదు పలకలే యుండును గాని, ఆరేడు వచ్చినను పిల్లలకు ఆక్షేపణ లేదు. కట్టుటకు పూలమాలల అరటినార. తళతళలాడు కాగితమును కొనుటకు ముందు పిడికిట నలిపి వదలి చూడుడి. అది మరల విచ్చుకొన్న యెడల అందులో ప్లాస్టిక్ పొర యున్నదని గ్రహింపవలెను. అట్టిది తిరిగి కాగితముగా చేయుటకు పనికిరాదు, కుళ్లదు. అరిసెలు, కజ్జికాయలు పంచునప్పుడు వార్తాపత్రికలో చుట్టరాదు. అచ్చు సిరా తిండికి అంటుట హానికరమని దేశపు ఆహార భద్రతా సంస్థవారు 2016లోను, మరల 2023లోను హెచ్చరించిరి. విస్తరాకు, తాటాకు బుట్ట, లేక మూతగల డబ్బా మంచిది. డబ్బా తిరిగి వచ్చునప్పుడు వట్టిగా రాదను సంగతి మన ఆడవారికి తెలిసినదే.

పశువుల పాక కట్టువారికి ఒక మాట. అలంకారమునకు థర్మోకోలు అమ్ముట, వాడుట 2022 జులై 1 నుండి మన దేశమున నిషేధింపబడినది. మిఠాయి పెట్టెలకు చుట్టు ప్లాస్టిక్ పొరయు ఆ జాబితాలోనే యున్నది. వరిగడ్డి, చెరువు మన్ను, కొబ్బరి మట్టలు ఏ చట్టమునకును విరోధము కావు. ఎద్దును గాడిదను పెట్టుడి. అవి లూకాలో లేవు గాని, యెషయా 1:3ను బట్టి వచ్చి చేరినవి.

చేతుల కూలి

ఇంతవరకు మన చేతులను గూర్చి చెప్పుకొంటిమి. చేతిపని కానుకలు కొనువారు ఇతరుల చేతులను గూర్చియు ఆలోచింపవలెను. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురపు లేసు అల్లిక దేశ విదేశములకు తెలిసినది. 19వ శతాబ్దములో గోదావరి ప్రాంతపు మిషనరీ స్త్రీలు బీద క్రైస్తవ స్త్రీలకు జీవనాధారముగా దీనిని నేర్పిరి. కొక్కెపు సూది, నూలుదారము, వ్రేళ్లు. వేరు పనిముట్టు లేదు. బల్లగుడ్డలు, దిండు అంచులు, ఇప్పుడు క్రిస్మసు చెట్టునకు కట్టు నక్షత్రములు, గంటలు కూడ ఈ అల్లికతో చేయవచ్చును.

మరియా మీస్ అను జర్మను పండితురాలు నరసాపురము వచ్చి, ఈ స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూచినది ఏమనగా, ఇంటిపని అంతయు చేసికొనుచు దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి ముట్టినది పొలము కూలికంటె బహు తక్కువ. వర్తకులు పురుషులు. అల్లువారిని పనివారని ఎవరును అనలేదు. ఇంటి యిల్లాండ్రు తీరిక వేళ చేయు పనియనిరి. తీరిక అను ఆ ఒక్క మాటతో కూలి తగ్గిపోయినది. ఈ సంగతి చదివిన తరువాత యాకోబు 5:4ను తెరచి చూడుడి. అక్కడ కేక వేయునది పొలము కోసిన పనివారికి అందని కూలి. లేసు అల్లినవారి కూలికి నోరు లేదని ఎట్లు అనగలము?

కాబట్టి సమాజములలో క్రిస్మసు అమ్మకము పెట్టునప్పుడు, ఒక సోదరి అల్లిన వస్తువునకు వెల కట్టుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడి. ఎన్ని గంటలు పట్టినది? దారమునకు ఎంతయైనది? ఆ గంటలు కూలికి వెళ్లియున్న యెడల ఎంత వచ్చియుండును? రెండింటిని కూడిన మొత్తమునకు తక్కువగా అమ్మరాదు. దేవుని పనికే గదా, తగ్గించుమని అడుగువారు ఉందురు. వారు తమ వంతు కానుకను తమ సంచిలోనుండి తీసి ఇయ్యవలెను గాని ఆమె కూలిలోనుండి తీయరాదు. యొప్పేలో దొర్కా వస్త్రములు కుట్టినది విధవరాండ్రకు ఇచ్చుటకు. ఆమె చనిపోయినప్పుడు వారు ఆ అంగీలను పట్టుకొని పేతురునకు చూపుచు ఏడ్చిరి. ఉచితముగా ఇచ్చిన చేయి ఆమెది, ఆమె ఇష్టము. పరుల చేతిపనిని చవుకగా పుచ్చుకొని దానము చేయుటకు దొర్కా పేరు చెప్పుట తగదు.

ఆదివారపు బడిలో

చీట్లు తీసి ఒకరికొకరు కానుకలిచ్చుకొను వాడుక అనేక బడులలో నున్నది. కానుకలన్నియు బల్లపై చేర్చినప్పుడు మిలమిలలాడు పెద్ద పెట్టెల ప్రక్క ఒక చిన్న పొట్లము కనబడును. అది ఎవరిదో పిల్లలందరికి తెలియును. పొట్లము తెచ్చిన బిడ్డ బల్లవైపు చూడదు. ఆ గంటసేపు మనము చెప్పు క్రిస్మసు పాఠము ఆ బిడ్డ చెవికెక్కదు. మరుసటి ఏట జ్వరమని చెప్పి రాదు. వెల యింతకు మించరాదను నియమము పెట్టి చూచినవారు ఉన్నారు. అది కొంత మేలే గాని, ఆ కొంతయు లేని ఇండ్లు ఉండును.

నా సలహా ఇది. కానుక బడిలోనే చేయవలెను. బడివారే ఒకే విధమైన కాగితము, ఒకే దారము, ఒకే రంగు తెచ్చిపెట్టి, నాలుగు ఆదివారములు పిల్లలచేత చేయించి, ఒకే తీరున చుట్టించవలెను. పేరు లోపల వ్రాయవలెను, పైన వ్రాయరాదు. చీటి తీసిన నాడే ఎవరికి ఇయ్యవలెనో ఆ బిడ్డను గూర్చి మూడు సంగతులు తెలిసికొని రమ్మని చెప్పవలెను: ఏమి ఇష్టము, ఇంట ఎవరున్నారు, ఏ రంగు నచ్చును. హన్నా లెక్క ఇదే. పెద్ద తరగతివారు నక్షత్రపు బద్దలు కట్టగా, చిన్నవారు బెండకాయ ముద్రలు వేయవచ్చును. అందరి ముందు కానుకలు విప్పించుట అవసరము లేదు. ఇంటికి పోయి విప్పుకొననిండు.

ఆగమన కాలపు మొదటి ఆదివారము నవంబరు 30కి దగ్గరగా నుండు ఆదివారము. దానికి ఒక వారము ముందే వెదురు చీల్చియుండవలెను. మొదటి ఆదివారమున లూకా 2ను చదివి, చీట్లు తీసి, బద్దలకు గురుతులు పెట్టించుడి. రెండవ ఆదివారమున 1 సమూయేలు 2, కట్టుట. మూడవ ఆదివారమున నిర్గమ 35, 36, కాగితము అంటించుట. మైదా బంక ఆ ఉదయముననే కాయవలెను. రెండు దినములకు పులియును. నాలుగవ ఆదివారమున మత్తయి 2, మూటలు కట్టుట. మూట గుడ్డలు తెమ్మని మూడవ ఆదివారముననే ఇండ్లకు చెప్పి పంపుడి. ఉదికినవి, మెత్తనివి, ప్రక్క 19 అంగుళములు. తేలేని యింటికి సమాజపు పెట్టెలోనుండి ముందుగానే ఒకటి చేర్చవలెను.